పెట్టెల బండి

ఫ్యాన్ బెల్టు తెగిన సంగతి చిన్నోడికి చెవి కంటే ముందు అరికాలికి తెలిసింది. యాక్సిలరేటర్ కింద ఎప్పుడూ ఉండే సన్నటి వణుకు ఒక్కసారిగా మారిపోయింది. ఆ తర్వాతే బానెట్ లోపల ఎవరో తోలుపట్టాతో బాదినట్టు రెండు దెబ్బలు వినిపించాయి. అతను తిట్టలేదు. తిట్టే ఓపిక నిన్న లోడెక్కించడంతోనే అయిపోయింది. బండిని మెల్లగా రోడ్డు వారకి దించి, ఇంజను ఆపేసి, స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు.

"మళ్ళీనా?" అంది పక్క సీట్లోంచి వదిన, కళ్ళు తెరవకుండానే.

"మళ్ళీనే. నువ్వు పడుకో."

ఆవిడ పడుకోలేదు. ఇంజను ఆగగానే వెనకనుంచి లేచిన హోరు వింటోంది. లారీ తొట్టి నిండా మనిషెత్తున పేర్చి, పైన వల కప్పి, తాళ్ళతో బిగించిన పెట్టెలున్నాయి. పెట్టెల నిండా తేనెటీగలు. బండి నడుస్తుంటే గాలి తగిలి, వాటి మానాన అవి గొణుక్కుంటూ ఉంటాయి. ఆగితే మాత్రం లోపల వేడి పెరుగుతుంది, గొణుగుడు కాస్తా అరుపవుతుంది. ఎండలో అలాగే నిలబెడితే మైనం మెత్తబడి, పట్టులు కూలి, పెట్టెకి పెట్టె చచ్చిపోతుంది. బయల్దేరిన చోట పూలు అయిపోయాయి. పూలున్న తోటలు ఇంకా రెండు రోజుల దూరంలో ఉన్నాయి. అన్నయ్య ముందే రైలెక్కి వెళ్ళి, తోటవాళ్ళతో మాట్లాడుకుని, అక్కడ ఎదురుచూస్తున్నాడు. ఏటా అతనితో పాటే రైల్లో వెళ్ళే వదిన ఈసారి మాత్రం "పెట్టెలతో నేనుంటాను" అని లారీ ఎక్కింది.

చిన్నోడు కిందకి దిగి బానెట్ ఎత్తాడు. ముందుకి ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలం లారీ అది. ఇలాంటివి ఇప్పుడు రోడ్ల మీద కనిపించడం లేదు. తెగిన బెల్టు పుల్లీ చుట్టూ చచ్చిన పాములా వేలాడుతోంది. సీటు కింద కొత్త బెల్టు ఉంది. అది తీసుకుని వచ్చేసరికి వదిన వల మీద బకెట్టుతో నీళ్ళు చిలకరించడం ముగించి, కొంగు నడుముకి దోపుకుని బానెట్ దగ్గర నిలబడి ఉంది.

"ఆ బోల్టు దేనికి?"

"ఆల్టర్నేటర్‌ది. దాన్ని వదులు చేస్తే ఇది ఇటు జరుగుతుంది. అప్పుడు బెల్టు ఎక్కుతుంది."

"ఎంత వదులు చెయ్యాలి?"

"జరిగేంత." అతనికి విసుగొచ్చింది. "నీకెందుకొదినా ఎండలో? వెళ్ళి నీడన కూర్చోరాదూ."

"కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. అటు స్పానర్ నేను పట్టుకుంటా. తిప్పు."

పట్టుకుంది. బెల్టు ఎక్కించాక, కడ్డీతో ఆల్టర్నేటర్‌ని వెనక్కి నెట్టి పట్టుకుని అతను బోల్టు బిగించబోతుంటే, ఆ పని కూడా తనే చేస్తానంది. ఎంత బిగువుండాలని అడిగింది. మధ్యలో బొటనవేలితో నొక్కితే కొంచెం దిగాలి, మరీ దిగకూడదు అన్నాడతను. ఆవిడ నొక్కి చూసింది.

"మీ అన్నయ్య లాగే ఉంది. కొంచెం దిగుతాడు, మరీ దిగడు."

చిన్నోడికి నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకల్లో నొప్పి తెలిసింది. నలభైకి దగ్గరపడుతున్నాడు. చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి. అయినా ఇంట్లోవాళ్ళకీ, తోటలవాళ్ళకీ, దారిలో పంచర్లు వేసేవాళ్ళకీ కూడా అతను చిన్నోడే.

బండి కదిలిన కాసేపటికి ఫోన్ మోగింది. వదిన స్పీకరు పెట్టింది.

"పెట్టెలెలా ఉన్నాయిరా?" అన్నాడు అన్నయ్య.

"బానే ఉన్నాయి. బెల్టు తెగితే మార్చాం."

"ఎంతసేపు ఆపారు? ఎండలో ఆపలేదు కదా? వెనక వరస పెట్టెలకి గాలి తక్కువ. వాటికి రెండుసార్లు నీళ్ళు కొట్టండి. సరే, ఉంటాను."

చిన్నోడు గేరు మార్చాడు. వదిన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమెతో చెప్పాల్సిన మాట ఒకటుంది. బయల్దేరే ముందే చెప్పాలనుకున్నాడు. లోడెక్కించే హడావిడిలో కుదరలేదు. దారిలో చెప్పాలనుకుంటే బెల్టు తెగింది. బస్సు డిపోలో ఫోర్‌మన్ ఒకటో తారీఖున వచ్చి చేరమన్నాడు. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చే ఉద్యోగం. భార్య ఆ మాట విని కళ్ళు తుడుచుకుంది. వాళ్ళమ్మాయి పోయినేడు దాకా ఫోన్లో "ఏ ఊళ్ళో ఉన్నావు నాన్నా?" అని అడిగేది. ఈ ఏడు అడగడం మానేసింది. "రోడ్డు మీదేగా" అనేసి ఫోన్ అమ్మకి ఇచ్చేస్తోంది.

అయితే ఈ బండిని అతను తప్ప ఇంకెవరూ నడపలేరు. నడిపినా బాగుచెయ్యలేరు. కొత్త బండి కొనే తాహతు అన్నయ్యకి లేదు. బండి లేకపోతే పెట్టెలు పూలదగ్గరికి వెళ్ళవు. వదిన ఏమంటుందో అతనికి తెలుసు. "నువ్వెళ్ళిపోతే మా గతేం కాను?" అంటుంది. దానికి ఏం చెప్పాలో కూడా మనసులో అనుకుని పెట్టుకున్నాడు. ఈ ఒక్క ఏడూ ఉంటాలే వదినా, అంటాడు. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసి భార్యకి ఏం చెప్పాలన్నది మాత్రం తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఎత్తుమీద బండి ఎక్కిళ్ళు పెట్టడం మొదలెట్టింది. నాలుగు అడుగులు లాగడం, ఆగడం, మళ్ళీ లాగడం. పైకి ఎక్కేలోపే ఆగిపోయింది. చిన్నోడు చక్రాల వెనక రాళ్ళు పెట్టి, డీజిల్ ఫిల్టరు విప్పి చూశాడు. అడుగున నల్లటి మడ్డి. నిన్న దారిలో ఓ చిన్న బంకులో కొట్టించిన డీజిల్ బాగోలేదని అప్పుడే అనుమానపడ్డాడు. కానీ వెతుక్కుంటూ ఇంకో బంకుకి వెళ్ళే ఓపిక లేకపోయింది.

"గాలి పట్టేసింది. తీసెయ్యాలి," అన్నాడు.

"గాలా? ఎక్కడ?"

"గొట్టంలో. డీజిల్ బదులు గాలి వెళ్తే ఇంజను అందుకోదు. ఇదుగో, ఈ చేతి పంపు కొడుతుంటే ఆ స్క్రూ దగ్గర నురగ వస్తుంది. నురగ పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా కొట్టాలి."

"తప్పుకో, నేను కొడతా."

అతను తప్పుకున్నాడు. నిజానికి అతనికి కావాల్సిందీ అదే. చక్రం నీడలో నేల మీద కూలబడి, వీపు టైరుకి ఆనించాడు. వదిన బంపరు మీద మోకాలు ఆనించి, బొటనవేళ్ళు రెండూ కలిపి పంపు కొడుతోంది. టక్ టక్ టక్. ఊపిరి బరువుగా తీస్తోంది. పెట్టెల లోపలి హోరులో ఆ చప్పుడు కలిసిపోయి, అతనికి కళ్ళు మూతలుపడ్డాయి.

"నురగ తగ్గుతోంది చిన్నోడా. ఇంకా కొట్టనా?"

"కొట్టు."

"ఇప్పుడు బుడగలు ఒకటో రెండో వస్తున్నాయి."

"అవీ పోవాలి. పోయాక పంపు కొడుతూనే స్క్రూ బిగించు. కొట్టడం ఆపి బిగిస్తే మళ్ళీ గాలి లోపలికి పోతుంది."

ఆవిడ ఒక చేత్తో కొడుతూ ఒక చేత్తో బిగించింది. ముఖం మీదికి డీజిల్ చిమ్మింది. కొంగుతో తుడుచుకుంటే మరకలు చెంపలకీ పాకాయి. కంగారు లేకుండా పని చేస్తున్న ఆవిణ్ణి చూస్తే చెప్పడానికి ఇదే సమయమనిపించింది చిన్నోడికి.

"వదినా, నీతో ఒక మాట చెప్పాలి."

"చెబుదువు గానీ ఉండు. ముందు దీన్ని స్టార్ట్ చెయ్యి. సరిగ్గా చేశానో లేదో చూడాలి."

స్టార్టు చేశాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. వదిన బానెట్ దించి చేతులు రెండూ దులుపుకుంటూ, నవ్వుతూ వచ్చి కూర్చుంది. ఆ నవ్వు చూసి చిన్నోడికి నోరు రాలేదు. పోనీ మధ్యాహ్నం చెబుదాం అనుకున్నాడు. మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయింది. సాయంత్రం అతనే నిద్రకి తూలుతుంటే, ఆవిడ భుజం తట్టి బండి ఆపించి, బ్రెడ్డూ గుడ్లూ తినిపించి, తొట్టి నీడన పడుకోమంది. అతను లేచేసరికి వల మీద నీళ్ళు కొట్టి, ఆయిలూ నీళ్ళూ కూడా చూసేసింది. ఆయిలు కొలిచే కడ్డీ తెచ్చి చూపించి, "ఈ రెండు గీతల మధ్య ఉంటే చాలంటావా?" అని అడిగింది. చాలన్నాడు. ఇన్నేళ్ళూ బండి సంగతి అడగని మనిషి ఇప్పుడెందుకు అడుగుతోందన్నది నిద్రమత్తులో అతనికి తోచనే లేదు.

మూడో రోజు పొద్దెక్కుతుండగా బండి ముక్కులోంచి ఆవిరి లేచింది.

అది ఒట్టి మైదానం. చెట్టూ చేమా లేవు. ఒక్క లారీ కాటా ఉంది. లోడు బళ్ళని తూచే ఇనప పలకా, దాని పక్కనే ఒక చిన్న గాజు గదీ, ఇటు ఒక పొడవాటి రేకుల షెడ్డూ. చిన్నోడు ఎలాగోలా బండిని ఆ రేకుల నీడలోకి తోసుకొచ్చి ఆపాడు. ఫ్యాను పట్టుకుని ఊపితే కదులుతున్న పన్నులా ఊగింది. దాని వెనక వాటర్ పంపులోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. పంపు పోయింది. బెల్టు కాదు, గాలి కాదు. ఇది పెద్ద పనే.

ఆ తర్వాత అతను చేసిన పని, ఈ ఇరవై ఏళ్ళలో ఎన్నడూ చెయ్యనిది. లోపల నీళ్ళెంత మిగిలాయో చూద్దామని గుడ్డ చుట్టి, వేడి రేడియేటర్ మూత తిప్పాడు. ఎవరైనా కొత్తవాడు ఆ పని చేస్తే చెంప మీద కొట్టి నేర్పేవాడు. మూత ఎగిరిపోయింది. మరిగే నీళ్ళు కుడిచేతి మీద, మోచేతి దాకా పడ్డాయి.

అతను అరవలేదు. చెయ్యి పట్టుకుని అక్కడే గుండ్రంగా తిరిగాడు. వదిన పరుగెత్తుకొచ్చి, పెట్టెల కోసం ఉంచిన నీళ్ళ డబ్బా ఎత్తి అతని చేతి మీద గుమ్మరించింది.

"వద్దొదినా, ఈగలకి ఉంచు."

"నోర్ముయ్."

డబ్బా ఖాళీ అయ్యేదాకా పోసింది. చర్మం ఎర్రగా ఉబ్బింది. వేళ్ళు ముడవడం కష్టంగా ఉంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. వదిన తడిచేత్తోనే స్పీకరు నొక్కింది.

"ఎక్కడిదాకా వచ్చారు? పెట్టెలెలా ఉన్నాయి?"

"పంపు పోయిందన్నయ్యా. ఆగిపోయాం. చెయ్యి కాలింది నాకు."

"అయ్యో. జాగ్రత్తరా. పెట్టెల మీద ఎండ పడటం లేదు కదా?"

వదిన ఫోన్ దగ్గరికి వంగింది. "వాడి చెయ్యి కాలిందంటున్నాడు."

"విన్నాలే. నీడుందా అక్కడ? గాలాడకపోతే పెట్టెలు తెరిచెయ్యండి. ముందు వెనక వరసవి..."

వదిన ఫోన్ కట్ చేసింది. చిన్నోడు ఆవిడ వైపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడి మాట మధ్యలో ఆవిడ తెంచడం అతను చూడలేదు.

"సిగ్నల్ పోయింది," అందావిడ.

రేకుల కింద నీడైతే ఉంది కానీ గాలి లేదు. పెట్టెల హోరు చెవులు చిల్లులుపడేలా ఉంది. వదిన తల మీద ముసుగువల వేసుకుని, తొట్టెక్కి, తాళ్ళు విప్పి, పై వల లాగేసి, ఒక్కొక్క పెట్టె వాకిలికి అడ్డంగా పెట్టిన చెక్కముక్క తీసేసింది. ఈగలు పొగలా లేచాయి. కాసేపట్లోనే ఆ షెడ్డంతా, కాటా అంతా అవే. ఇక సాయంత్రం అవి పెట్టెల్లోకి తిరిగొచ్చేదాకా బండిని అడుగు కదిలించడానికి లేదు. కదిలిస్తే బయటికెళ్ళినవి దిక్కులేకుండా పోతాయి.

గాజు గదిలోంచి కాటా ఆయన రెండు చేతులూ ఊపి సైగలు చేస్తున్నాడు. ఇక్కణ్ణించి పొమ్మన్నట్టు. వదిన దగ్గరికెళ్ళి గాజు మీద తట్టింది. ఆయన కిటికీ తియ్యలేదు. లోపల్నించే అరిచాడు. "కుడితే ఎవరిది పూచీ?"

"మీరు చేతులలా ఊపితేనే కుడతాయి. కూర్చోండి. ఏమీ చెయ్యవు."

ఆయన చేతులు చటుక్కున చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పంపు కోసం దగ్గర్లో ఉన్న టౌనుకి ఎవరో ఒకరు వెళ్ళాలి. పెట్టెలు వదిలి వదిన వెళ్ళలేదు. చేతికి తడిగుడ్డ చుట్టుకుని చిన్నోడు బయల్దేరాడు. ఇటుకలు దించి ఖాళీగా వెళ్తున్న ట్రాక్టరు ఒకటి ఆగింది.

"నేనొచ్చేదాకా ఇంజన్ని ముట్టుకోకు," అన్నాడు ఎక్కుతూ.

"సరే, వెళ్ళు," అందావిడ.

టౌన్లో మందులషాపువాడు చేతికి మందు రాసి కట్టు కట్టి, మంట తగ్గడానికి మాత్రలిచ్చాడు. స్పేర్‌పార్టుల షాపులో కుర్రాడిలా ఉన్న ఓనరు ఫోన్లో బండి ఫోటో చూసి, "ఇది ఇంకా నడుస్తోందా?" అని ఆశ్చర్యపోయాడు. ఇంకో షాపువాడు పాత లారీలు విప్పి అమ్మే దొడ్డికి దారి చెప్పాడు. అక్కడ తుప్పు పట్టిన బానెట్ల మధ్య, మోకాలెత్తు పిచ్చిమొక్కల్లో ఎడమచేత్తో వెతుక్కుంటూ తిరిగాడు. కడకి తన బండిలాంటి ముక్కే ఉన్న లారీ ఒకటి కనిపించింది. చక్రాల్లేవు. సీట్లో కోడి గుడ్లు పెట్టి ఉంది. దాని పంపు మాత్రం ఇంకా బిగువుగా ఉంది. దొడ్డి మనిషి విప్పి ఇస్తుంటే చిన్నోడు ఓ టైరు మీద కూర్చుని, ఆ బండిని ఎవడు నడిపి ఉంటాడో అనుకున్నాడు. ఎవడో వాళ్ళింట్లో చిన్నవాడే అయ్యుంటాడు. వాడేమయ్యాడో.

తిరుగు దారి ఎంతకీ తెగలేదు. ఇప్పుడెళ్ళి పాత పంపు విప్పాలి. ఫ్యాను తియ్యాలి, పుల్లీ తియ్యాలి, ఏళ్ళ తరబడి పట్టేసిన బోల్టులు ఒక్కొక్కటే కిరసనాయిలు పోసి కదిలించాలి. అదంతా ఎడమచేత్తో. ఈ రాత్రికి అయ్యే పని కాదు. తలప్రాణం తోకకొచ్చింది.

కాటా దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. వదిన బంపరు మీద కూర్చుని, గ్రీజు చేతులు గోనెసంచికి తుడుచుకుంటోంది. ఆ సంచి పక్కన ఇంకో సంచి పరిచి ఉంది. దాని మీద ఫ్యాను, పుల్లీ, పాత పంపు. బోల్టులు ఏ కన్నంలోంచి తీసినవి ఆ వరసలో పేర్చి ఉన్నాయి.

చిన్నోడు చేతిలో పంపుతో అలాగే నిలబడిపోయాడు.

"ఎవరు విప్పారు?"

"ఎవరున్నారిక్కడ? కాటా ఆయన గాజుపెట్టె దాటి రాడు."

"ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళానా? ఒక్క బోల్టు లోపల విరిగితే బండిని ఇక్కడే పాతిపెట్టాలి, తెలుసా?" గొంతు పెద్దదైంది. ఎందుకంత కోపం వచ్చిందో అతనికే తెలియలేదు.

"విరగలేదుగా."

"విరిగితే?"

"విరిగితే నువ్వున్నావుగా," అంది వదిన. గోళ్ళ సందున ఉన్న నలుపు వైపే చూస్తోంది. "ఒకటో తారీఖు దాకా ఉన్నావుగా. నువ్వుండగానే విప్పాలి. తర్వాత విరిగితే ఎవర్ని పిలవను?"

ఈగలు ఒకటీ రెండూగా వచ్చి పెట్టెల వాకిళ్ళ దగ్గర వాలుతున్నాయి. చిన్నోడు పంపుని నెమ్మదిగా గోనెసంచి మీద పెట్టాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీ ఆవిడే. చెప్పడం కూడా కాదు, ఏడ్చింది. 'అక్కా, ఆయన మీకు చెప్పలేక ఈ ఉద్యోగం కూడా వదిలేసుకుంటాడు' అంది. అందుకే మీ అన్నయ్యని ఒక్కణ్ణే రైలెక్కించి, నేనీ డొక్కు బండెక్కాను. లేకపోతే నాకేం సరదా? ఈ సీటు మీద కూర్చుంటే నడుం విరుగుతోంది."

"తెలిసినట్టు నాతో ఒక్క మాటైనా అనలేదే?"

"అంటే నువ్వు మూడు రోజులూ సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చుంటావు. నీ సంజాయిషీతో నాకేం పని? పంపెలా విప్పాలో కావాలి నాకు."

బరువు దిగినట్టుండాలి. నెలరోజులుగా గొంతులో అడ్డం పడ్డ మాట, అతను నోరు తెరవకుండానే బయటికొచ్చేసింది. కానీ అతనికి తేలికగా లేదు. ఆవిడ బతిమాలుతుందనీ, తను కరిగిపోయి ఉండిపోతాననీ, ఎన్నిసార్లు అనుకున్నాడో. ఉండిపోవడం ఇష్టం లేదు. బతిమాలించుకోవడం మాత్రం కావాలనిపించింది. ఆ సంగతి ఇప్పుడే తెలిసి, సిగ్గేసింది.

"అయితే నేను లేకపోయినా మీకు జరిగిపోతుందన్నమాట," అన్నాడు నేల చూస్తూ.

వదిన తలెత్తింది. "ఎక్కడ జరుగుతుందిరా? నానా తంటాలు పడతాం. మీ అన్నయ్య రోజుకి పదిసార్లు 'ఒరేయ్' అని కేకేస్తాడు, పలికేవాడుండడు. రోడ్డు మీద దిక్కుతోచక నీకే ఫోన్ చేస్తాను. నువ్వు డ్యూటీలో ఉండి ఎత్తవు. ఇవన్నీ అనుకునే వచ్చాను. అయినా నువ్వెళ్ళు."

ఆవిడ లేచి, అతను తెచ్చిన పంపుని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని వెనక అట్ట ఉండాలి కదా? పాతది చిరిగిపోయింది."

"గాస్కెట్. సీటు కింద షీటుంది, తే," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పంపు మీద షీటు పరిచి, సుత్తి గుండ్రం వైపుతో అంచు వెంబడి మెల్లగా కొట్టు. గట్టిగా కాదు. గీత పడితే చాలు. తర్వాత కత్తెరతో కత్తిరించు."

అతను కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చుని చెప్పాడు. ఆవిడ చేసింది. కన్నాలు ఒకచోట కొంచెం తప్పాయి. మళ్ళీ కత్తిరించమన్నాడు. గొణుక్కుంటూ కత్తిరించింది. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించమన్నాడు. ఒకదాన్నే బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించమన్నాడు. ఒకచోట ఆవిడ స్పానరు జారి వేలి కణుపు చీరుకుపోయింది. లేవబోయాడు. "కూర్చో," అంది వేలు నోట్లో పెట్టుకుంటూ. నీళ్ళు అయిపోయాయని గుర్తొచ్చి అటూ ఇటూ చూస్తుంటే, గాజు గది తలుపు సందులోంచి రబ్బరు గొట్టం ఒకటి మెల్లగా బయటికి పాకింది. దాని వెనకే కాటా ఆయన గొంతు.

"పట్టుకోండి. గొట్టం ఇచ్చేసి వెంటనే తలుపు వేసుకుంటాను."

రేడియేటర్ నింపారు. ఇంజను స్టార్టు చేశాక ఇద్దరూ పంపు కింద వేళ్ళు పెట్టి చూశారు. పొడిగా ఉంది. చుక్క కూడా లేదు. వదిన ఆ వేలిని తన చీరకి తుడుచుకుని, ఇంకోసారి పెట్టి చూసుకుంది.

ఈగలన్నీ లోపలికి చేరాక చెక్కముక్కలు అడ్డం పెట్టి, వల కప్పి, తాళ్ళు బిగించారు. ముడులు వెయ్యడానికి చిన్నోడి కుడిచేయి రాలేదు. డ్రైవరు సీటు వైపు వెళ్ళినవాడు అక్కడే ఆగిపోయాడు. ఆ చేత్తో గేరు మార్చడం కుదరదు. వదిన తోటల్లో పెట్టెలు సర్దడానికి బండిని ముందుకీ వెనక్కీ తిప్పిందే తప్ప రోడ్డు మీద ఎన్నడూ నడపలేదు. అతను చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీటెక్కాడు. సీటులోంచి పొడుచుకొచ్చిన స్ప్రింగు తొడకి గుచ్చుకుంది. ఇన్ని ఏళ్ళలో అతను ఆ సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఆవిడ తడబడింది, గేర్లు కీచుమన్నాయి, ఎత్తుల మీద బండి రెండుసార్లు ఆగిపోయింది. అతను కొంతసేపు లేని బ్రేకు తొక్కాడు. ఆ తర్వాత మాత్రల మత్తులో తల కిటికీకి వాల్చాడు.

తెల్లవారాక తోట చేరారు. కొమ్మల నిండా తెల్లటి పూలు. అన్నయ్య గట్టు మీద నుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళి, వల కిందనుంచి ఒక్కొక్క పెట్టెకీ చెవి ఆనించాడు. వెనక వరస దాకా విని, ఊపిరి వదిలాడు. అప్పుడు గానీ డ్రైవరు వైపు తలుపులోంచి దిగుతున్నది ఎవరో చూడలేదు.

"నువ్వు నడిపావా? వాడేడీ?"

చిన్నోడు ఇటు వైపు నుంచి దిగాడు. అన్నయ్య కట్టు వైపు చూశాడు. ఇంకెప్పుడైనా చెప్పొచ్చు. మధ్యాహ్నం చెప్పొచ్చు. కానీ వదిన మాట్లాడకుండా బండికి ఆనుకుని నిలబడి ఉంది. తన వంతు అయిపోయినట్టు.

"అన్నయ్యా, ఒకటో తారీఖున డిపోలో చేరుతున్నాను. ఇకనుంచి బండికి రాను."

అన్నయ్య పెట్టె మీద చెయ్యి తియ్యలేదు. "మరి బండి?" అన్నాడు చివరికి.

"బండి మనది. మనం చూసుకుందాం," అంది వదిన.

అన్నయ్య ఆమె వైపూ, ఆమె గోళ్ళ వైపూ చూశాడు. వల తీసి, ఒక పెట్టె మూత ఎత్తి, పట్టు అంచు కొంచెం విరిచి, అరచేతిలో పెట్టుకుని వచ్చాడు.

"కట్టు విప్పు."

విప్పాడు. బొబ్బలు చూసి అన్నయ్య పళ్ళు బిగించాడు. తేనెని వేలికొసతో తీసి, తగిలీ తగలనట్టు రాశాడు. మోచేతి దాకా రాశాడు. రాయడం అయ్యాక ఆ వేలిని ఏం చెయ్యాలో తోచనట్టు కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

పెట్టెలు భార్యాభర్తలిద్దరే దించారు. తోటమనిషి ఒకడు సాయం పట్టాడు. చిన్నోడు ఒకదాని మీద చెయ్యి వెయ్యబోతే వదిన "చెయ్యి తియ్యి" అంది. అతనికి టీ గ్లాసు ఇచ్చి, తోట మోటారు షెడ్డు గోడ నీడన బల్ల మీద కూర్చోబెట్టారు. పెట్టెలన్నీ చెట్ల కింద సర్దడం అయ్యాక అన్నయ్య ఖాళీ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇన్నేళ్ళూ అతను దాన్ని పెట్టెలు మోసే తొట్టిలానే చూశాడు. ముందువైపు ఆగి, పంచె ఎగగట్టి, గడ్డి మీద వెల్లకిలా పడుకుని, తలని బంపరు కిందకి దూర్చాడు.

"ఏదో కారుతోందే ఇక్కడ," అని అరిచాడు.

వదిన వంగి చూసింది. "అది గేర్‌బాక్సుదై ఉంటుంది."

చిన్నోడికి ఉన్నచోట నుంచే గడ్డి మీద చుక్క కనిపిస్తోంది. పల్చగా, నల్లగా ఉంది. గేరాయిలు అలా ఉండదు. అతను మోకాలి మీద ఎడమచేయి ఆనించి లేవబోయాడు. సగం లేచి, ఆగాడు. వదిన చుక్కని వేలితో అద్ది, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసింది.

"కాదు కాదు. ఇంజనాయిలు. అడుగున నట్టు వదులై ఉంటుంది. ఉండండి, స్పానరు తెస్తా."

ఆవిడ అటు వెళ్ళింది. ఎవరూ అతన్ని పిలవలేదు. చిన్నోడు మళ్ళీ బల్ల మీద కూర్చుని, వీపు గోడకి ఆనించి, కాళ్ళు చాపుకున్నాడు. ఊరికి బస్సు సాయంత్రానికి గానీ లేదు. అప్పటిదాకా అతనికి చెయ్యాల్సిన పనేమీ లేదు.